మా రంగడు తిండి మానేసిన వేళ

కార్తీక సోమవారం. తెల్లవారకుండానే తలస్నానం చేసి, కుండీలో తులసి దగ్గర దీపం పెట్టి, చుక్కలు కనిపించేదాకా ఏమీ ముట్టకూడదనుకున్న రోజు. ఈ నెలంతా మా ఇంట్లో కోడిగుడ్డు కూడా వండను. అలాంటి రోజున పొద్దున్న పదకొండు గంటలకి నేనేం చేస్తున్నానో తెలుసా? ప్లాస్టిక్ సంచిలో ఆరు బతికున్న కీచురాళ్ళు వేసి, మీద కాల్షియం పొడి చల్లి, మూతి బిగించి, వేపుడు ముక్కలకి ఉప్పూ కారం పట్టించినట్టు కుదుపుతున్నాను.

నవ్వుకోండి, ఫరవాలేదు. ఆ కీచురాళ్ళు మా రంగడికి. రంగడంటే మా అమ్మాయి పెంచుకుంటున్న ఊసరవెల్లి. వాడు అన్నం మానేసి అప్పటికి మూడు రోజులు.

డాలస్ దగ్గర ఈ ఊరికి మేమొచ్చి పదహారేళ్ళు. అమ్మాయికి పద్నాలుగు. కుక్కపిల్ల కావాలని ఆరేళ్ళు ఏడ్చింది. మా ఆయనకి బొచ్చు పడదు, తుమ్ములు మొదలవుతాయి. బొచ్చు లేనిదేదైనా తెచ్చుకోమన్నారు పాపం, చేపలనుకుని. అది జూన్‌లో అరచేతిలో పట్టేంత ఊసరవెల్లిని తెచ్చుకుంది. అమ్మినవాళ్ళు మగదన్నారు. రంగులు మారుస్తుంది కాబట్టి రంగడని పేరు పెట్టింది నేనే.

ఫోన్లో చెప్తే తెనాలిలో మా అమ్మ ఒక నిమిషం మాట్లాడలేదు. "తొండ ముదిరితే ఊసరవెల్లి అంటారు. ముదిరినదాన్నే తెచ్చుకున్నారన్నమాట" అంది. మనం మాట మార్చేవాళ్ళని తిట్టడానికి తప్ప ఆ పేరు ఎప్పుడు ఎత్తాం కనుక! మన అడవుల్లో ఉండే ఊసరవెల్లిని ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణుల చట్టం ప్రకారం నేరం కూడా. ఇది వేరే జాతి. యెమెన్, సౌదీ అరేబియా వైపు కొండల్లోది, నెత్తి మీద చిన్న కిరీటంలా ఎత్తుగా ఉంటుంది. ఇక్కడ ఇళ్ళలో, ఫారాల్లో పుట్టించి అమ్ముతారు.

మొదట్లో ఆ గదిలోకే వెళ్ళేదాన్ని కాను. తర్వాత్తర్వాత దానికి తిండి పెట్టేది నేనే అయ్యాను. పిల్ల బడికి పోతే ఇంట్లో ఉండేది మేమిద్దరమే కదా. కొమ్మ మీద కూర్చుని ఒక కన్ను నా మీద, ఒక కన్ను కీచురాయి మీద పెడుతుంది. రెండు కళ్ళూ పురుగు మీదికి తిరిగాయంటే ఇక అంతే. ఒళ్ళంత పొడుగున్న నాలుక బాణంలా వెళ్ళి వస్తుంది, పురుగు ఉండదు. గిన్నెలో నీళ్ళు పెడితే తాగదు, ఆకుల మీద చల్లితే చుక్కలు నాకుతుంది.

అది అలా టక్కున తినడం చూస్తే నాకెంత తృప్తిగా ఉండేదో! మా ఇంట్లో ఇంకెవరూ అలా తినరు. మా ఆయనకి షుగరు, లెక్క చూసుకుని తింటారు. అమ్మాయి ఫోను చూస్తూ నాలుగు మెతుకులు కెలికి లేస్తుంది. రంగడొక్కడే పెట్టినంతా తిన్నాడు. అందుకని అడగకపోయినా ఇంకో రెండు వేసేదాన్ని. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

అలాంటివాడు ఉన్నట్టుండి మానేశాడు. కీచురాయి ముక్కు ముందు నుంచి నడిచి వెళ్ళినా చూడడు. మొదటి రోజు ఆకలి లేదేమో అనుకున్నాం. రెండో రోజు దీపం వేడి చూశాం, 85 డిగ్రీలు, సరిగ్గానే ఉంది. ఎండ బదులు పెట్టే అతినీలలోహిత కిరణాల లైటు పాతబడిందేమోనని కొత్తది వేశాం. మూడో రోజు, అదే ఆ సోమవారం, పొడి ఎక్కువ పట్టించి చూశాను. నాలుగో రోజు కీచురాళ్ళు మొహం మొత్తాయేమోనని బొద్దింకలు తెప్పించాం. అవును, డబ్బులిచ్చి బొద్దింకలు కొన్నాను. మా అత్తగారు వింటే ఏమంటారో! తర్వాత పచ్చగా లావుగా ఉండే హార్న్‌వర్మ్‌లు. వాటిని చూస్తే ఏ ఊసరవెల్లీ ఆగదట. మావాడు ఆగాడు. తినని పురుగుల్ని రాత్రి కేజ్‌లో వదలకూడదు, కీచురాళ్ళు దాన్నే కొరుకుతాయి. అందుకని రోజూ రాత్రి టార్చి వేసుకుని ఒక్కొక్కటీ ఏరడం నా పని.

అదే వారం ఇంకొకటి కూడా జరుగుతోంది. అమ్మాయి లంచ్ బాక్స్ నిండుగా తిరిగి వస్తోంది.

పులిహోర పెట్టాను, వచ్చేసింది. రోటీ చుట్టి పెట్టాను, వచ్చేసింది. దాని స్నేహితులు తెచ్చుకుంటారని పాస్తా చేశాను, అదీ వచ్చేసింది. అడిగితే "ఆకలి లేదమ్మా" అంటుంది. సాయంత్రం ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి చిప్స్ పొట్లం ఖాళీ చేస్తుంది. అంటే ఆకలి ఉంది. నా వంట మీదే కోపమని తీర్మానించుకున్నాను. గురువారం రాత్రి సింకు దగ్గర ఆ బాక్స్ తెరిచి, ముద్దలా గట్టిపడ్డ అన్నం చూసేసరికి నోరు ఆగలేదు.

"ఆ జంతువూ అంతే, నువ్వూ అంతే. ఎంత చేసినా విలువ లేదు. పొగరు."

అది ఏమీ అనలేదు. గదిలోకి వెళ్ళి తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది. ధడేలున వేసినా బాగుండేది.

శుక్రవారం మాకు రాత్రి ఎనిమిది, అమ్మకి పొద్దున్న ఏడున్నర. వీడియో కాల్‌లో ఉన్నాం. అప్పటికి రంగడు కొమ్మ మీద ఉండడం మానేసి రెండు రోజులైంది. కేజ్ అడుగున ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగుతున్నాడు, గోళ్ళతో నేల గీకుతున్నాడు. లేత ఆకుపచ్చ ఒళ్ళు ముదురు రంగుకి తిరిగి, దాని మీద పసుపు, నీలం చుక్కలు తేలాయి. కోపమనుకున్నాం. అమ్మాయి ఏడుపు మొహంతో ఫోను అటు తిప్పి, "చూడు అమ్మమ్మా, చచ్చిపోతాడేమో" అంది.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. చిన్నప్పుడు మా పెరట్లో ఎప్పుడూ అయిదారు కోళ్ళుండేవి.

"అది గుడ్లకొచ్చిందే" అంది.

"అమ్మా, మగదే అది!"

"ఎవరు చెప్పారు? పెట్ట గుడ్డు పెట్టే ముందు మూలలన్నీ ఎలా వెతుక్కుంటుందో మర్చిపోయావా? గింజలు చల్లినా చూడదు. దానికి అప్పుడు కావలసింది తిండి కాదు, చోటు."

ఇలాంటి జీవాల్ని చూసే వెటర్నరీ డాక్టరు దగ్గర మర్నాటికి టైము దొరికింది. ఆవిడ వెనక కాళ్ళు పట్టుకుని చూసింది. ఈ జాతిలో మగవాటికి మడమ దగ్గర చిన్న ముల్లు పుట్టినప్పటి నుంచే ఉంటుందట. మావాడికి లేదు. ఎక్స్‌రే తీస్తే పొట్టనిండా గుడ్లు, సంచిలో పోసిన రేగుపళ్ళలా. మరి మగతోడు లేదు కదా అంటే, కోడి పెట్టినట్టే ఇవీ పెడతాయంది. పొదగవు, అంతే. కానీ పెట్టక తప్పదు. తవ్వుకోడానికి తడి మట్టి దొరక్కపోతే లోపలే బిగబట్టుకుంటాయి, దాంతో ప్రాణమే పోవచ్చు. మేమేమో శుభ్రంగా ఉంటుందని కేజ్ అడుగున ఏమీ వేయకుండా తుడిచి ఉంచాం.

ఇంకో మాట కూడా అడిగింది. ఎంత తిండి పెడుతున్నారని. గర్వంగా చెప్పాను. ఆవిడ నెమ్మదిగా అంది, ఆడవాటికి ఎక్కువ పెట్టకూడదు, ఎంత తింటే అన్ని గుడ్లు పడతాయి, ఆ గుడ్లు ఎముకల్లో కాల్షియం లాగేసి ఒంటిని పీల్చేస్తాయి, పెద్దయ్యాక రోజు విడిచి రోజు మూడో నాలుగో చాలు అని. నేను ప్రేమ అనుకుని వేసిన ఆ రెండేసి కీచురాళ్ళు కళ్ళముందు కదిలాయి. కారులో తిరిగొస్తుంటే ఎవరమూ మాట్లాడలేదు. కాసేపటికి అమ్మాయే అంది, "ఇక రంగమ్మ అనాలేమో."

లోతైన ప్లాస్టిక్ టబ్బులో అడుగు మందాన కడిగిన ఇసుక పోశాం. వేలితో బొరియ చేస్తే కూలకుండా నిలబడేంత తడి ఉండాలి. పిల్లప్పుడు పిచ్చిక గూళ్ళు కట్టిన అనుభవం అక్కడ పనికొచ్చింది. ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే తవ్వడం ఆపేస్తుందని డాక్టరు చెప్పింది కాబట్టి, నా పాత మంగళగిరి చీర తీసి కేజ్ చుట్టూ కట్టాం. పూర్వం మంత్రసాని వస్తే గదికి అడ్డం కట్టే తెర లాగే ఉంది.

ఆ రాత్రి ఆ గది బయట, నడవాలో గోడకానుకుని ఇద్దరం కూర్చున్నాం. లోపల ఇసుక గీకుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. పిల్లకి నిద్ర రావట్లేదు. నాకూ రావట్లేదు. అమ్మ అన్న మాట తలలో తిరుగుతోంది. ఇన్ని రోజులూ నేను దీన్ని అడిగింది ఒకటే ప్రశ్న, ఎందుకు తినట్లేదని. ఆ ప్రశ్నకి "ఆకలి లేదు" కంటే ఏం జవాబొస్తుంది?

"లంచ్ ఎక్కడ కూర్చుని తింటున్నావు?" అన్నాను.

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. ఈ ఏడాది హైస్కూలు కదా, తరగతులు మారాయి. దాని ఇద్దరు స్నేహితులకీ వేరే సమయంలో లంచ్. పెద్ద హాల్లో బల్లలన్నీ ఎవరివి వాళ్ళకి నిండిపోతాయి. మొదట్లో కొన్నాళ్ళు బాక్స్ పట్టుకుని నిలబడింది. ఒకరోజు ఎవరో "ఇక్కడ మావాళ్ళు వస్తారు" అన్నారు. అప్పటి నుంచి లైబ్రరీకి వెళ్తోంది. లైబ్రరీలో తినడానికి వీల్లేదు.

అంతే. పులిహోర తప్పు లేదు, పాస్తా తప్పు లేదు. నా పిల్ల రెండు నెలలుగా అన్నం బాక్స్ సంచిలో పెట్టుకుని, తినే చోటు లేక పుస్తకాల మధ్య కూర్చుంటోంది. మొదట్లో ఆ అన్నం బస్సులో తినేసేదట, నాకు తెలియకూడదని. బస్సులో తినకూడదని డ్రైవరు చెప్పాక ఇంటికి తెస్తోంది. నేను పొగరన్నాను.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే నువ్వు ఇంకా మంచి లంచ్ చేస్తావు" అంది.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. దగ్గరికి తీసుకుని, గురువారం అన్నదానికి క్షమించమన్నాను. మన ఇళ్ళలో అమ్మలు పిల్లలకి క్షమాపణ చెప్పరు. నాకూ అదే మొదటిసారి. నోరు తిరగలేదు, అయినా చెప్పాను.

ఆదివారం సాయంత్రానికి చప్పుడు ఆగింది. సోమవారం పొద్దున్న చీర తొలగిస్తే రంగమ్మ కొమ్మ మీద ఉంది. పక్కలు లోపలికి పోయి సగమైంది. టబ్బులో ఇసుక చదునుగా, నున్నగా ఉంది. తవ్వి చూస్తే అడుగున తెల్లటి గుడ్లు ముప్ఫై ఎనిమిది. ఒక్కటీ పొదగదు. అయినా అన్నిటినీ మీద మట్టి కప్పి, కాళ్ళతో అదిమి మరీ వచ్చింది ఆ పిచ్చితల్లి.

ఆకుల మీద నీళ్ళు చల్లితే ఎంతసేపు తాగిందో! తర్వాత ఒక హార్న్‌వర్మ్ చూపిస్తే రెండు కళ్ళూ ఒకచోటికి తెచ్చింది. నాలుక వెళ్ళి వచ్చింది. అమ్మాయి ఎగిరి గంతేసింది. నేను ఇంకొకటి తీసి, ఆలోచించి, డబ్బాలో పెట్టేశాను. ఆ రోజు కూడా కార్తీక సోమవారమే.

బడికి ఫోన్ చేసి కౌన్సెలరుతో మాట్లాడతానన్నాను. వద్దంది. నేనే అడుగుతానంది. నాకు చేయి దురద పెట్టినా ఆగాను. నాలుగు రోజుల తర్వాత బొమ్మలు నేర్పే టీచరు తన గదిలో కూర్చుని తినొచ్చన్నారని చెప్పింది. అక్కడికి ఇంకో ఇద్దరు ముగ్గురు వస్తారట. ఎవరు, ఏమిటి అని అడగబోయి నోరు మూసుకున్నాను. ఇప్పుడు బాక్స్ ఒకరోజు ఖాళీగా, ఒకరోజు సగంతో వస్తోంది. సగమొచ్చినా ఏమీ అనట్లేదు.

నిన్న రాత్రి సంచి సర్దుకుంటూ వంటింట్లోకి వచ్చింది. "రేపు పులిహోర చేస్తావా అమ్మా?" అంది. చేస్తానన్నాను. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"స్పూన్లు రెండు పెట్టు."