దీర్ఘపదముల తాళపుచెవి

అక్షరములతో ఆడుకొనుట పండితులకు అనాదిగా గల వేడుక. దండి దశకుమారచరితమందు, ప్రియురాలి పంటిగాటుచే పెదవి నొచ్చిన మంత్రగుప్తునిచేత, పెదవులు గలియని యక్షరములతోనే తన కథ యంతయు చెప్పించెను. భారవి కిరాతార్జునీయము పదునైదవ సర్గమున దాదాపు నకారమొక్కటియే గల శ్లోకమును కూర్చెను. మా సీమకును ఈ వేడుక క్రొత్తది కాదు. గద్వాల సంస్థానమునకు విద్వద్గద్వాల యని ప్రసిద్ధి. నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని జటప్రోలు నేలిన సురభి మాధవరాయలు చంద్రికాపరిణయమును శ్లేషలతో, యమకములతో నింపెను. ఆ గ్రంథము నర్థము చేసికొనుటకు పండితులకే వ్యాఖ్యానము కావలసివచ్చినది.

ఆంగ్లేయులును ఈ విషయమున మనకు తీసిపోరు. వారి 'ఎడ్యుకేషన్' అను మాటలో తొమ్మిది యక్షరములు. అందు ఆ భాషలోని అచ్చులైదును ఒక్కొక్కమారు వచ్చును. 'డెర్మటోగ్లిఫిక్స్' అను మాటలో పదునైదక్షరములు గలవు. ఒక్కటియు రెండవమారు రాదు. వ్రేలిముద్రలలోని చర్మరేఖలను గూర్చిన శాస్త్రమని దాని యర్థము. 1935లో అమెరికాలోని పదప్రహేళికల సంఘపు అధ్యక్షుడొకరు నలువదియైదక్షరముల వ్యాధినామము నొకదానిని కల్పించెను. అతిసూక్ష్మమైన ధూళిని పీల్చుటచే కలుగు ఊపిరితిత్తుల జబ్బని దాని తాత్పర్యము. రాళ్లు కొట్టి బ్రదుకు కూలివానికి వచ్చు అట్టి జబ్బును వైద్యులు 'సిలికోసిస్' అని తొమ్మిది యక్షరములలోనే చెప్పుచున్నారు. మిగిలిన ముప్పదియారును కేవలము ఆడంబరమునకే.

పండితుల వేడుకను మేము నిందింపము. కాని నేడు దీర్ఘపదములు పండితసభలలో నిలిచియుండలేదు. మన వంటయింటిదాక వచ్చినవి. 1959లో వనపర్తి రాజప్రాసాదమున పాలిటెక్నిక్ వెలసినది. 2022లో వనపర్తియందును నాగర్‌కర్నూలునందును, 2024లో గద్వాలయందును ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. ఇది మిక్కిలి సంతోషింపదగిన విషయము. అయితే ఆసుపత్రి దగ్గరయైనకొలది ఆసుపత్రి మాటలును దగ్గరయగును. వానిని చదువవలసినవారు ఇంటివారు. ముఖ్యముగా రోగిచెంత మేలుకొని కూర్చుండు స్త్రీలు.

ఈ మాటలకు జంకవలసిన పనిలేదు. ఇవి సమాసములు, విడదీసిన చాలును. మన బాలురు ఉపసర్గలను, ప్రత్యయములను నేర్చుకొనునట్లే వీనిని నేర్చుకొనవచ్చును. ఇందు చాలవరకు గ్రీకుపదములు. ఆ భాష మన సంస్కృతమునకు జ్ఞాతి. 'పాలి' యనగా అనేకము. అది వేదములలోని 'పురు' శబ్దమునకు చుట్టము. 'టెక్నిక్' అనుదానికి మూలమైన శబ్దము వడ్రంగిని దెలుపు మన 'తక్ష' శబ్దమునకు చుట్టము. 'ఐటిస్' అని ముగియు మాటలన్నియు వాపును, తాపమును చెప్పును. 'హెపటైటిస్' అనగా కాలేయపు వాపు. ఆ 'హెపార్' మన 'యకృత్తు'నకు తోబుట్టువు. 'ఎక్టమీ' అని ముగిసినచో ఏదియో ఒక యవయవమును కోసి తీసివేయుట. 'హైపర్' అనగా మీదు, అధికము. అది మన 'ఉపరి'. 'హైపో' అనగా క్రిందు, తక్కువ. అది మన 'ఉప'.

ఈ కడపటి రెండింటి భేదము ప్రాణములతో ముడిపడినది. 'హైపర్‌గ్లైసీమియా' యనగా నెత్తుటిలో చక్కెర పెరుగుట. 'హైపోగ్లైసీమియా' యనగా తగ్గుట. ఒక్క యక్షరము మారినచో చికిత్స తలక్రిందులగును. మేమెఱిగిన యొక కుటుంబము వనపర్తికి సమీప గ్రామమున గలదు. ఆ యింటి పెద్దామె చాలకాలముగా మధుమేహమునకు మందులు వాడుచుండెను. ఒకనాడు మందు పుచ్చుకొని, భోజనము ఆలసింపగా, ఆమెకు చెమటలు పట్టెను, చేతులు వణకెను, మాట తొట్రుపడెను. మేమును అచ్చటనే యుంటిమి. కోడలు బెల్లపుడబ్బాను దూరముగా పెట్టించెను. కళాశాలలో చదువుచున్న మనుమరాలు ఆసుపత్రి కాగితమును తెచ్చి, హెచ్చరికల క్రింద నున్న మాటను విడదీసి చదివి, చక్కెరనీళ్లు కలుపసాగెను.

"అవ్వకు షుగరున్నది గదా బిడ్డా, చక్కెర ఎట్ల ఇస్తం?" అని తల్లి యడ్డుపడెను.

"ఇది హైపో అమ్మా, హైపర్ కాదు. తగ్గింది, పెరగలేదు" అని బాలిక చెప్పెను.

పెద్దామెకు స్పృహ యుండెను, మ్రింగగలిగెను. మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు త్రాగిన పావుగంటలో తేరుకొనెను. పిదప అన్నము పెట్టి వైద్యునియొద్దకు తీసికొనిపోయిరి. స్పృహ తప్పినవారి నోట మాత్రము ఏమియు పోయరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. ఆ కోడలు అజ్ఞురాలు కాదు. అత్తగారిపై ప్రేమలేనిదియు కాదు. "చక్కెరజబ్బు" అను నొక్క మాటయే ఆమెకు చెప్పబడినది. రెండవ మాట కాగితముమీదనే మిగిలిపోయినది.

'ఎక్టమీ' సంగతి యింతకంటె శోచనీయము. 'హిస్టరెక్టమీ' యనగా గర్భసంచిని తీసివేయుట. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి, 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో ఈ శస్త్రచికిత్స జరిగినవారు దేశమంతట నూటికి సుమారు ముగ్గురు. తెలంగాణమున ఎనమండుగురు, ఆంధ్రప్రదేశమున తొమ్మండుగురు. వీనిలో అవశ్యకములైనవి లేకపోలేదు. కాని ఆ సమ్మతిపత్రముపై సంతకము చేసినవారిలో, వ్రేలిముద్ర వేసినవారిలో, ఆ మాటకు అర్థము వినినవా రెందఱు? వేరే మందు గలదా యని యడిగినవా రెందఱు? వ్రేలిముద్ర శాస్త్రమునకు అక్షరము తిరిగిరాని చక్కని పేరు గలదు. వ్రేలిముద్ర వేయు నామెకు మాత్రము తాను దేనికి సమ్మతించుచున్నదో తెలియదు.

"ఇంటివారు వైద్యులగుదురా?" యని కొంద ఱాక్షేపింతురు. వైద్యులు కానక్కఱలేదు, ప్రశ్నింప నేర్చినచో చాలును. "సగము చదువు ప్రమాదకర" మని మఱికొంద ఱందురు. నిజమే, కాని చదువు లేకుండుట అంతకంటె ప్రమాదకరము. అర్థము తెలిసినవారు వైద్యుని ధిక్కరింపరు. వైద్యుడు చెప్పినది సరిగా పాటింతురు.

కావున మూడు పనులు చేయదగినవి. మొదటిది: ప్రతి యింట నొక చిన్న పుస్తకము పెట్టి, హైపర్, హైపో, ఐటిస్, ఎక్టమీ మొదలగు ఇరువది ముప్పది తునకలను తెలుగు అర్థములతో వ్రాసికొనవలెను; పిల్లలు చదువగా పెద్దలు వినవలెను. రెండవది: పాఠశాలలలో దీర్ఘపదములను కంఠస్థము చేయించుట మాని విడదీయుట నేర్పవలెను. మూడవది, ముఖ్యమైనది: మా మూడు పట్టణముల కళాశాలలనుండి వెలువడు యువవైద్యులు ప్రతి దీర్ఘపదమును తెలుగులో నొకమారు చెప్పి, రోగిచే తిరిగి చెప్పించుకొని, పిమ్మటనే సంతకమడుగవలెను.

పూర్వము మా సీమలో కఠినకావ్యములకు వ్యాఖ్యాతలు గలిగిరి. నేడు వ్యాఖ్యాత కావలసినది రోగి మంచమువద్ద. ఆ పనికి ఇంటిలో చదువుకొన్న యాడపిల్లకంటె తగినవారు మాకు కనబడుట లేదు. ఆమెను కళాశాలకు పంపుటకు సందేహించు తల్లిదండ్రులు ఈ సంగతి నాలోచింతురుగాక.