విడిభాగముల వేట

“పాతొక రోత, కొత్తొక వింత” యని మన పెద్దలు చెప్పుదురు. కంప్యూటరుల విషయమున నీ సామెత మఱింత త్వరగా ఫలించును. పదియేండ్లు నిండిన కంప్యూటరు ముసలిదగును; నలువదియేండ్లు నిండినదానిని జూచి పిల్లలు “ఇదేమి వస్తువు?” అని యడుగుదురు. అట్టి వృద్ధయంత్రములను రెంటిని బాగుచేయు పని కొంతకాలము క్రిందట నాకు లభించినది. ఆ పనిలో దెలిసికొనిన సంగతులు విద్యార్థులకు వినోదమును, కొంత ప్రయోజనమును గూర్చునని తలంచి యిచ్చట వ్రాయుచున్నాను.

ఆ యంత్రములు బీబీసీ మైక్రో అనునవి. ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి పట్టణములో ఏకార్న్ సంస్థవారు 1981లో వీనిని వెలువరించిరి. బ్రిటిషు ప్రసారసంస్థయగు బీబీసీ ప్రజలకు కంప్యూటరు విద్య గఱపబూనినపుడు దానికొఱకు నిర్మింపబడుటచే నా పేరు గలిగెను. 1984లో భారత ప్రభుత్వమువారు ‘క్లాస్’ అను పథకము నారంభించి, మొదట సుమారు 250 పాఠశాలలలో నీ విద్యను బ్రవేశపెట్టినపుడు ఈ యంత్రములనే యెన్నుకొనిరి. కావున మన దేశపు బడిపిల్లలలో ననేకులు తొలిసారి వ్రేలుంచిన మీటలివియే. దీని స్మృతి 32 కిలోబైట్లు మాత్రమే. నేడు సెల్‌ఫోనుతో దీసిన యొక ఛాయాచిత్రమైనను దానిలో నిముడదు.

నాకు లభించిన రెండును ఒక పాఠశాల సామానుగదిలో ముప్పదియేండ్లు దుమ్ముక్రింద నిద్రించినవి. వానితో నొక అట్టపెట్టెలో పది క్యాసెట్టులుండెను. ఆ పాఠశాలలో బనిచేసిన గణితోపాధ్యాయులొకరు పిల్లలకై తాము రచించిన పాఠములను వానిపై భద్రపఱచి, స్వహస్తముతో పేర్లు వ్రాసి యుంచిరి. మాస్టరుగారికిప్పుడు ఎనుబదియేండ్లు దాటినవి. ఆయన కన్నులార చూచునట్లు ఆ పాఠములను మరల నడిపింపవలయునని పూర్వవిద్యార్థులు కోరిరి. కావున పని నింపాదిగా జేయుటకు వీలులేకపోయెను.

విద్యుత్తు నిచ్చుటకు ముందే పెట్టె విప్పితిని. విద్యుత్తు వచ్చు చోట కాగితపు పొరలతో జేసిన కెపాసిటరులుండును. వయస్సు మీఱినకొలది వాని పైతొడుగు పగిలి, తేమ లోనికి జొచ్చును. అట్టివానికి విద్యుత్తు దగిలినచో దట్టమైన పొగ, దుర్గంధము వెలువడును. క్రొత్తవి హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో అర్ధగంటలో దొరికినవి. తక్కినవన్నియు నింత సులభముగా దొరకలేదు.

ఈ వేటలో భాగములు మూడు తెగలని గ్రహించితిని. మొదటి తెగ నేటికిని తయారగునవి. ఈ యంత్రమునకు మెదడువంటి 6502 అను చిప్పు 1975లో బుట్టినది. దాని సంతతి యిప్పటికిని తయారగుచున్నది. రెండవ తెగ తయారీ నిలిచిపోయి, పాతనిల్వలలో మిగిలినవి. వీనిని కొనునపుడు మిక్కిలి జాగ్రత్త వలయును. చౌకచిప్పు పైనున్న పేరును గీకివేసి, వేఱొక పేరు ముద్రించి యమ్మువారు గలరు. దూదిని ఎసిటోనులో ముంచి తుడిచినచో బలుమారు నకిలీ యక్షరములు చెఱగిపోవును. మూడవ తెగ ఈ యొక్క యంత్రమునకే ప్రత్యేకముగా జేయబడినవి. అవి యే యంగడిలోను లేవు. మఱొక మృతయంత్రమునుండి దీయవలెను, లేదా ఔత్సాహికులు నేటి చిప్పులతో గల్పించిన ప్రతిరూపములను దెప్పింపవలెను.

ఆరోగ్యముగానున్న బీబీసీ మైక్రో మీట నొక్కగానే లోస్వరమున మ్రోగి, వెంటనే హెచ్చుస్వరమున గూయును. మా మొదటి యంత్రము లోస్వరముననే యెడతెగక మ్రోగుచుండెను. మీటలను, ధ్వనిని నడపు 6522 చిప్పుపై నాకు సందేహము గలిగెను. అట్టి చిప్పే యచ్చుయంత్రము మొదలగువానికొఱకు రెండవది యా పలకపైననే గలదు. అది లేకున్నను కంప్యూటరు నడచును. రెంటిని స్థలములు మార్చితిని. కూత సరిగా వచ్చెను! ఊరెల్ల వెదకదలచిన భాగము ఇంటనే యుండెను.

కాని దాని మీటలు పెక్కు విఱిగియుండెను. రెండవ యంత్రమునకు మీటలన్నియు జక్కగానున్నవి, గాని తెఱపై చిత్రము రాదు; చిత్రమును గూర్చు ప్రత్యేకపు చిప్పు చెడినది. “రెండవదానిని విప్పి, భాగములన్నియు దాచికొందము” అని మిత్రులనిరి. ఆ మాట యుక్తమే. అయినను నా మనస్సంగీకరింపలేదు. ఒక్క యవయవము చెడినదానిని శవమని యెట్లనగలము? తుద కొక నియమము చేసికొంటిమి: టంకము కరగింపక తీయగలిగినదే, మరల యథాస్థానమున నుంచగలిగినదే తీయవలెను. మీటల పలక మరలతో, పట్టీతీగతో మాత్రమే బంధింపబడియుండుటచే దానిని దీసి మొదటిదానికి బెట్టితిమి. ఏమి తీసితిమో, ఏ దినమున దీసితిమో కాగితముపై వ్రాసి, రెండవ యంత్రపు పెట్టెలో నుంచితిమి. అది ఋణపత్రము వంటిది.

క్యాసెట్టులలోని పాఠములు ధ్వనిరూపమున నుండును గాన ముందుగా వానికి నకళ్లు తీసితిని. ఆ నకళ్లను నేటి కంప్యూటరుపైనను నడుపవచ్చునని కొందఱు చెప్పిరి. అది నిజమే. అయినను మాస్టరుగారు వచ్చి కూర్చుండి, పైవరుసలోని యెఱ్ఱమీటలపై జూడకయే చేయి వేసినపుడు, ఆ చేతి జ్ఞాపకము పాతయంత్రమునకే తెలియునని యందఱకు దోచెను. పదింటిలో నేడు క్యాసెట్టులు పలికినవి. ఒక పాఠము మధ్యలో ఆయన యాగి, “ఇచ్చట ప్రశ్న కఠినముగా నున్నది, పిల్లల కొక సూచన చేర్పవలెను” అని, దిద్దుట కుపక్రమించిరి.

విద్యార్థులారా! చెడిన వస్తువును పాఱవేయుటకు ముందు, చెడినది మొత్తమా, ఒక భాగమా యని విచారింపుడు. ఒకరియొద్ద దీసికొనినదానిని వ్రాసియుంచుడు. మా రెండవ యంత్రము కాగితమును గడుపులో నుంచుకొని యింకను వేచియున్నది. దాని చిప్పునకు బ్రతిరూపమును, మీటల పలకను సంపాదించి యా ఋణము దీర్పవలసిన భారము మామీద నున్నది.