బోలీ మొదలయ్యాక వచ్చే చాటు బేరాలు



ఆన్‌లైన్‌లో ఏ వస్తువునైనా నీలామ్‌కు పెట్టి చూడండి. రెండో రోజుకల్లా ఇన్‌బాక్స్‌లో ఒక మెసేజ్ వచ్చి కూర్చుంటుంది. “మేడమ్, లాస్ట్ ప్రైస్ చెప్పండి. వేలం తీసేయండి, డబ్బు ఇప్పుడే వేస్తా.” బజారులో బేరమాడే అలవాటున్న మనకు ఇందులో తప్పేముందని అనిపిస్తుంది. కొనేవాడు వచ్చాడు, ధర చెప్పాడు, నచ్చితే ఇచ్చేయడమే కదా! కానీ దుకాణం వేరు, నీలామ్ వేరు. పోయిన ఏడాది ఈ తేడా మీదే మా ఇంట్లో మాటలు పెరిగి, ఒక దగ్గరి రిష్తేదార్ మా గడప తొక్కడం మానేశారు. అందుకే రాస్తున్నాను.

అబ్బా ఇంతెఖాల్ తర్వాత ఆయన రేకు పెట్టెలో, పాత రేషన్ కార్డుల కింద, 11 వెండి రూపాయలు దొరికాయి. ఉస్మానియా సిక్కాలు. మన పెద్దవాళ్లు హాలీ రూపాయలనేవారు. ఒకవైపు చార్మినార్, చుట్టూ నిజాం ఖితాబు, రెండోవైపు ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్‌లో అచ్చయినట్టు రాత. చార్మినార్ కమాన్ లోపల చిన్న హర్ఫ్ ఒకటి ఉంటుంది. మహబూబ్ అలీ పాషా నాణేల్లో అది మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్ నాణేల్లో ఐన్. నాకు ఐన్ రాయడం అబ్బా నేర్పింది ఆ సిక్కా చూపించే. హైదరాబాద్ రియాసత్‌కు సొంత రూపాయి ఉండేదనీ, అలాంటివి 7 ఇస్తే బ్రిటిష్ ఇండియా రూపాయలు 6 వచ్చేవనీ, నిజాం నోట్ల మీద ఉర్దూతో పాటు తెలుగులో కూడా విలువ రాసి ఉండేదనీ చెబితే మా పిల్లలు నోరు తెరిచి విన్నారు.

అమ్మే పని నా చేతికి వచ్చింది గానీ సొమ్ము నాది కాదు. అబ్బా మీద అప్పు లేదు, వసీయత్ ఏమీ లేదు. వారసులం నలుగురం: అమ్మీ, భాయీజాన్, ఆపా, నేను. విరాసత్ లెక్కలో 32 వంతులు చేస్తే అమ్మీకి 4, భాయీజాన్‌కు 14, ఆపాకూ నాకూ చెరి 7. అంటే ఒక్కో సిక్కా మీద నా హఖ్ పావు వంతు కూడా కాదు. మిగతాదంతా నా దగ్గర అమానత్.

సరాఫా దుకాణంలో తూకం వేసి వెండి రేటు కట్టారు. అదీ పూర్తి వెండి కాదు, నూటికి 82 పాళ్ల లోపే. తెలిసినవాళ్లను అడిగితే తలా ఒక ధర. అందుకే ఆన్‌లైన్ నీలామ్ అనుకున్నాం. ఏడు రోజుల గడువు, ఒక్కో సిక్కాకు విడిగా బోలీ. భాయీజాన్ జెద్దాలో, ఆపా కర్నూలులో ఉన్నా ఏ నాణెం ఎంత దాకా వెళ్లిందో ఫోన్‌లో చూసుకోవచ్చు. రేపు ‘నువ్వు ఎంతకు అమ్మావో ఎవరికి ఎరుక’ అనే మాట రాదు. వారసులు నలుగురున్న చోట బహిరంగ ధరకు ఉండే పెద్ద లాభం ఇదేనని నా అభిప్రాయం.

మొదటి చాటు బేరం ముక్కూ మొహం తెలియని మనిషిది. 11లో ఒక్కదాన్నే అడిగాడు. అప్పటికి దాని మీద బోలీ 2,600 రూపాయలుంటే అతను 5,000 అన్నాడు. ఇలాంటి బేరం పైకి మంచి ధరలా కనిపిస్తుంది. కానీ దాన్ని ఒక ఖబర్‌లా చదువుకోవాలి. రెట్టింపు ఇస్తానంటున్నాడంటే మనకు తెలియనిదేదో అతనికి తెలుసు. భూతద్దం పెట్టి చూశాను. ఆ సిక్కా మీద ఐన్ పూర్తిగా లేదు, పొట్టిగా ఉంది. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన కొత్తలో అలా అచ్చు వేశారు, సేకరించేవాళ్లు వెతికేది వాటినే. ఆ హర్ఫ్‌ను దగ్గరగా ఫోటో తీసి, అందరికీ కనబడేలా వేలం పేజీలో పెట్టాను. అతనికి షుక్రియా చెప్పి, బోలీ వేయమన్నాను. అప్పటి నుంచి ఎవరు విడిగా ఏది అడిగినా, బరువెంత, గీతలున్నాయా అన్నా, జవాబు అందరికీ కనబడేలానే రాశాను.

రెండోది దుబాయ్ నుంచి. అదే సిక్కాకు 9,000. “మా బామ్మర్ది వచ్చే నెల హైదరాబాద్ వస్తున్నాడు, సామానులో పెట్టుకుని తెచ్చేస్తాడు” అని రాశాడు. దీని మీద నేను ఎక్కువ ఆలోచించలేదు. ఆ నాణెం మీద 1330 హిజ్రీ అని ఉంది, అంటే దాదాపు 1912. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు. మామూలు మనిషి దాన్ని దేశం దాటించకూడదు. గల్ఫ్‌లో మనవాళ్లు ఇంతమంది ఉన్నారు కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి. దాదా నాటి సిక్కాను తోహ్ఫాగా పట్టుకెళ్లబోయి ఎయిర్‌పోర్ట్‌లో జవాబు చెప్పుకోవాల్సి రావచ్చు.

అసలు కష్టం మూడో బేరంతో వచ్చింది. అడిగింది మా ఫుప్పు కొడుకు. అబ్బా జనాజా మోసినవాడు, ఆస్పత్రిలో మూడు రాత్రులు మాతో ఉన్నవాడు. నాలుగో రోజు ఇంటికొచ్చి చాయ్ తాగుతూ అన్నాడు: “మామూజాన్ నిశానీ బయటివాళ్లకు పోవడమేంటి చెల్లీ? ఘర్ కీ చీజ్ ఘర్‌లోనే ఉండాలి. పదకొండూ కలిపి 35,000 ఇస్తా. ఆ బోలీ తీసేయ్.” అప్పటికి బోలీలన్నీ కలిపినా 27,000 దాటలేదు. అమ్మీ నా వైపు చూశారు.

“భాయ్, మొదలు పెట్టకముందు అడిగుంటే నలుగురం కూర్చుని మాట్లాడేవాళ్లం. ఇప్పుడు 19 మంది బోలీ వేశారు. మీరూ వేయండి, మీకు దక్కితే మాకంటే సంతోషించేవాళ్లు ఉండరు” అన్నాను. “సొంత మనిషి బజారులో నిలబడి బోలీ పాడాలా?” అని లేచిపోయాడు. అమ్మీ ఆ రాత్రి నాతో సరిగా మాట్లాడలేదు. “ఆ 19 మంది మనకేమవుతారు?” అన్నారు. ఏమీ కారు. కానీ మేం పిలిస్తేనే వచ్చారు. ఆదివారం రాత్రి 9 గంటలకు ఎవరి బోలీ పైన ఉంటే వాళ్లకే ఇస్తామని మేమే రాసి పెట్టాం.

మా మొహల్లా ముఫ్తీ సాబ్‌ను అడిగాను. నీలామ్ జాయిజ్. నబీ కరీం (స) స్వయంగా ఒక పేద అన్సారీ ఇంట్లోని దుప్పటినీ గిన్నెనూ వేలం వేశారనీ, ఒకరు ఒక దిర్హమ్ అంటే ఇంకా ఎక్కువ ఎవరిస్తారని అడిగి, రెండు దిర్హమ్‌లు ఇచ్చినవారికి ఇచ్చారనీ అబూ దావూద్, తిర్మిజీల్లో రివాయత్ ఉందని చెప్పారు. మధ్యలో ఆపేయడం గురించి ఆయన నన్నే ఒక సవాల్ అడిగారు: “సైట్ షరతులు ఒప్పుకునే పెట్టారా?” ఒప్పుకునే పెట్టాం. ఈబే లాంటి చోట్ల వేలంలో పరిచయమైన కొనుగోలుదారుతో బయట సౌదా చేసుకోకూడదనే నియమం ఉంటుంది. “అయితే ఆ షరతు మీ మీద వాదాయే కదా” అన్నారు. భాయీజాన్ దోస్త్ ఒకాయన ‘నేనే దొంగ బోలీలు వేసి రేటు పెంచుతా’ అన్న సంగతి కూడా చెప్పాను. ముఫ్తీ సాబ్ నవ్వలేదు. కొనే నీయత్ లేకుండా ధర పెంచడాన్ని నజష్ అంటారు, హదీస్‌లో దానికి సాఫ్‌గా మనాహీ ఉంది.

ఆదివారం రాత్రి పొట్టి ఐన్ సిక్కా 7,400కు పోయింది. దుబాయ్ ధర కంటే 1,600 తక్కువ. మిగతా ఎనిమిదీ కలిపి 25,800. మొత్తం 33,200. రెండింటికి బోలీయే రాలేదు. “35,000 చేతికొచ్చేది, ఊరికే పోగొట్టావు” అని భాయీజాన్ జెద్దా నుంచి రెండు రోజులు సణిగారు. సణిగే హఖ్ ఆయనకుంది, పెద్ద వాటా ఆయనదే. కానీ ఆ 33,200లో ప్రతి రూపాయి ఎక్కణ్నుంచి వచ్చిందో ఆయనకూ తెలుసు.

వేలం ముగిశాక కూడా మెసేజ్‌లు ఆగవు. ఓడినవాళ్లు ‘గెలిచినవాడికి ఏదో ఒకటి చెప్పి నాకు ఇవ్వండి’ అంటారు. జవాబు ఇవ్వాల్సిన పనే లేదు. గెలిచినవాడు గడువులోగా డబ్బు కట్టకపోతే అప్పుడు తర్వాతి బోలీదారును సైట్ ద్వారానే అడగొచ్చు. ఇంకొకరు ‘డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటారు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టమన్నారంటే మన ఖాతా ఖాళీ చేయడానికే. మన అమ్మీలకూ ఖాలాలకూ ఈ ఒక్క మాట పదిసార్లు చెప్పండి.

బోలీ రాని రెండు సిక్కాలకు పైన కుండీ అతికించిన మచ్చలున్నాయి. దాదీ హారంలోవి. కొనేవాళ్లకు అది ఐబ్. వేలం ముగిసింది కాబట్టి వాటి మీద ఇక ఎవరికీ మాట ఇచ్చి లేము. నెల తర్వాత ఫుప్పు ఫోన్ చేసి, “మా అమ్మ మెడలోవి నాకివ్వండి బేటీ” అన్నారు. ఊరికే ఇద్దామని అమ్మీ అంటే నలుగురం సరేనన్నాం. ఫుప్పు ఒప్పుకోలేదు. వేలంలో పెట్టిన మొదటి ధరే, ఒక్కోదానికి 1,500 చొప్పున, మనవడితో పంపించారు. కొడుకు మాత్రం ఇంకా రాలేదు. బక్రీద్‌కు హిస్సా పంపితే తీసుకున్నాడని అమ్మీ చెప్పారు.