కొసలు లేని ముడి

అమ్మ కుట్టుమిషను సొరుగులో, విడి బొత్తాములకూ తుప్పు పట్టిన బాబిన్లకూ నడుమ ఆ కండె కనిపించింది. దారం అయిపోయిన చెక్క కండె తలమీద నా చిన్నతనంలో నాన్న నాలుగు సన్నని మేకులు కొట్టి ఇచ్చినది. వాటికి ఊలు చుట్టి తాడు అల్లడం మా వీధి ఆడపిల్లలందరికీ వేసవి సెలవుల వ్యాపకం. మూరల కొద్దీ అల్లేవాళ్ళం. ఆ తాడుతో ఏమి చేయాలో మాత్రం ఎవరికీ తెలిసేది కాదు. చివరికి చుట్టలు చుట్టి, సూదితో కుట్టి, గ్లాసుల కింద పెట్టుకునేవాళ్ళం.

కండె దొరికే నాటికి నాన్న పోయి రెండేళ్ళు. పదవనాడు అమ్మ మెడలోని సూత్రాలు తీశారు. ఆ తరువాత ఆమె మెడలో ఏమీ వేసుకోలేదు. నేను తెచ్చిన సన్నని బంగారు గొలుసును కళ్ళకద్దుకుని బీరువాలో పెట్టేసింది. "ఇప్పుడు ఇవన్నీ ఎందుకే" అన్నదే తప్ప మరొక మాట లేదు. అయితే అలవాటు మాత్రం పోలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె చేయి మెడ దగ్గరకు వెళ్ళేది. అక్కడ ఏమీ తగలక, పైట సర్దుకుంటున్నట్లుగా కిందికి దిగేది.

ఆ కండెను చేతిలోకి తీసుకోగానే, ఉద్యోగరీత్యా డబ్లిన్ వెళ్ళినప్పుడు ట్రినిటీ కళాశాల గ్రంథాలయంలో చూసిన 'బుక్ ఆఫ్ కెల్స్' జ్ఞప్తికి వచ్చింది. క్రీ.శ. 800 ప్రాంతంలో క్రైస్తవ సన్న్యాసులు దూడచర్మపు పత్రాలమీద రాసి, రంగులు దిద్దిన సువార్తల ప్రతి అది. అక్షరాల కడుపుల్లో, పుటల అంచుల్లో, జంతువుల తోకల్లో సైతం ఒకటే అల్లిక. గీత ఒకచోట పైనుంచి దాటితే మరుచోట కిందినుంచి దూరుతుంది. మళ్ళీ పైన, మళ్ళీ కింద. కొస ఎక్కడున్నదో వెతికితే చూపు తిరిగి బయలుదేరిన చోటికే చేరుతుంది. ఆ ముడులు శాశ్వతత్వానికి చిహ్నాలని అంగళ్ళలో నగలతోపాటు చీటీలు అమ్ముతారు కానీ, ఆ సన్న్యాసులు అర్థాలు రాసిపెట్టి పోలేదు. అర్థం చెప్పక వదిలినందుకే నాకు అవి నచ్చాయి.

అటువంటి ముడి ఒకటి తాడుతో చేసి అమ్మకు ఇవ్వాలనిపించింది. బంగారం కాదు, పూస కాదు, శాస్త్రంలో దానికి పేరు లేదు. పేరు లేనిదానికి నిషేధమూ ఉండదు కదా అని నా ఆశ.

ఊలు మన ఎండలకు మెడమీద గుచ్చుకుంటుందని గచ్చకాయ రంగు నూలుదారం తెచ్చాను. పని తెలియనివారికోసం చెబుతాను. దారం కొసను కండె రంధ్రంలోంచి కిందికి వదలాలి. నాలుగు మేకులకూ ఒక్కొక్క చుట్టు వేయాలి. ఆపైన రెండవ చుట్టు వేస్తూ, సూదితో కింది చుట్టును ఎత్తి, పై చుట్టు మీదుగా, మేకు తలమీదుగా లోపలికి జారవిడవాలి. అలా మేకు తరువాత మేకు. కాసేపటికి కండె అడుగునుంచి గుండ్రని తాడు తోకలా దిగుతుంది. నా చేతిలో అడుగు తాడుకు ఆరు గజాల దారం పట్టింది.

ఎంచుకున్నది అన్నిటికంటే చిన్న ముడి: మూడు రేకులు, మూడు దాటులు. మూడింటికంటే తక్కువ దాటులతో నిజమైన ముడి పడదని గణితశాస్త్రం చెబుతుంది. మరొక మాట కూడా చెబుతుంది. కొసలున్నది వారి లెక్కలో ముడే కాదు. కొసలంటూ ఉంటే ఎంతటి చిక్కునైనా విప్పవచ్చును గనుక. రెండు కొసలూ కలిపేసిన తరువాతనే ముడి నిలుస్తుంది.

కాగితంమీద గీసుకుని, దానిపై తాడు పరచి, గుండుసూదులు గుచ్చి, కొసలోని నాలుగు కుట్లను మొదటి నాలుగు కుట్లతో ఒక్కొక్కటిగా కలిపి కుట్టాను. అతుకు కనిపించలేదు. మురిసిపోతూ ఎత్తి చూస్తే మూడు రేకులూ జారి, చేతిలో ఉత్త వలయం మిగిలింది. మూడు దాటుల్లో ఒక్కటి, ఒకే ఒక్కటి, పైన పోవలసినది కిందికి పోయింది. అంతే, మొత్తం విడిపోయింది.

విప్పి మళ్ళీ వేశాను. మళ్ళీ అదే. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చూస్తున్న అమ్మ లేచివచ్చి కాగితం తీసుకుంది. 1951లో జార్జ్ బెయిన్ అనే స్కాట్లండ్ చిత్రలేఖన ఉపాధ్యాయుడు ఈ అల్లికలు గీసే పద్ధతిని పుస్తకంగా వెలువరించాడు. దానిలో ముందుగా చుక్కలు పెట్టుకోవాలి. నేను సాధనకోసం గీసిన ఆ చుక్కలను చూసి అమ్మ, "ఇది మన మెలికల ముగ్గేగా" అన్నది. కాసేపు చూపుడువేలితో గీత వెంట నడిచింది. "కాదు. ముగ్గులో గీతలు ఒకదాన్నొకటి దాటుకుని పోతాయి, ఎవరు పైనో ఎవరు కిందో అక్కరలేదు. ఇక్కడ అదే కావలసి వచ్చింది."

గుండుసూది తీసి, రెండవ దాటు దగ్గర తాడును కిందినుంచి పైకి తెచ్చి, తానే కుట్లు కలిపింది. ఈసారి లాగితే బిగుసుకుంది.

మిగిలిన తాడుతో తలమీదుగా దూరేంత పొడవున దండ చేసి, దాని కొసలు కూడా కలిపి కుట్టి, ముడిని అందులో వేలాడదీశాను. మెడ వెనుక కట్టవలసినదీ లేదు, విప్పవలసినదీ లేదు. ఆ మాట నేను పైకి అనలేదు. అమ్మ దానిని తిప్పి తిప్పి చూసి, "అతుకెక్కడ?" అన్నది. కుట్టింది తానే అయినా కనుక్కోలేకపోయింది. బల్లమీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. వేసుకోమని నేను అడగలేదు. మరునాడు నేను తిరిగి ఊరికి వచ్చేశాను.

రెండు నెలల తరువాత మళ్ళీ వెళ్ళినప్పుడు పెరట్లో తీగమీద, గంజిపెట్టి ఆరేసిన అమ్మ నూలుచీరల నడుమ అది వేలాడుతోంది. వాడకం వలన కొంచెం సాగింది. గంజి తగిలి రేకులు మూడూ బిరుసుగా నిలబడ్డాయి.

"అది ఆరిందేమో చూడవే" అన్నది అమ్మ వంటింట్లోంచి. "గుడికి వెళ్ళాలి."