అడుగు తేలిన చెరువులో కొరమీను

షోలాపూర్‌లో వేసవి వస్తే అందరి నోళ్లలో నానే అంకె ఒకటుంది: ఉజని డ్యాం ఇవాళ ఎంత శాతం? భీమా నది మీద 1980లో పూర్తయిన ఆ జలాశయంలో సుమారు 117 టీఎంసీల నీళ్లు పడతాయి. అందులో సగానికి పైగా, అంటే 63 టీఎంసీల దాకా, కాలువలకు అందని అడుగు నీళ్లే. పైనీళ్లు అయిపోయి లెక్క ఆ అడుగు నీళ్లలోకి దిగిందంటే పేపర్లు ‘మైనస్’ అని రాస్తాయి. 2024 వేసవిలో అది మైనస్ 50 శాతం కూడా దాటింది. అశోక్ చౌక్ నేతగాళ్ల ఇళ్లలో ఆ మాట వినగానే పుట్టే దిగులు ఒక్కటే: రోజులు తప్పించి వచ్చే నల్లా ఇకమీద ఎన్నాళ్లకు వస్తుందో. గాలం పట్టే కొద్దిమందికి మాత్రం అదే అంకె ఇంకో సంగతి కూడా చెబుతుంది. నీళ్లు ఎంత వెనక్కి తగ్గితే చేప ఉండే చోటు అంత చిన్నదవుతుంది, అంత తేటగా తెలుస్తుంది.

అశోక్ చౌక్ చుట్టుపక్కల పేటల్లో నేటికీ తెలుగు వినిపిస్తుందంటే కారణం మగ్గమే. 1877లో ఇక్కడ మొదటి నూలుమిల్లు నడక మొదలయ్యాక, తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా వచ్చి స్థిరపడ్డాయి. మగవాళ్లకు దుప్పటి, తువ్వాలు మగ్గాలు. ఆడవాళ్లకు బీడీల చేట. వాళ్లు విడిచి వచ్చింది చెరువుల సీమ. ఊరికో చెరువు, చెరువుకో తూము, అలుగు దూకే రోజు ఊరంతా గట్టు మీదే. చేరింది కరువు సీమ. అయినా ఇక్కడా చెరువులు లేకపోలేదు. 12వ శతాబ్దపు శివశరణుడు సిద్ధరామేశ్వరుడి పేరు మోస్తున్న గుడిచెరువు కోట పక్కనే ఉంది. విజాపూర్ రోడ్డు వైపు, ఒకప్పుడు కంబర్ తలావ్ అని పిలిచిన సంభాజీ చెరువు ఉంది. వాటన్నిటికన్నా పెద్దది తుల్జాపూర్ రోడ్డు మీది హిప్పర్గ చెరువు.

సర్కారు కాగితాల్లో దాని పేరు ఎక్రుఖ్. అదిలా అనే చిన్న నదికి అడ్డంగా బ్రిటిష్ వాళ్లు కట్టించగా 1871లో పూర్తయింది. మట్టికట్ట పొడవు రెండు కిలోమీటర్ల పైమాటే. ఎత్తు 20 మీటర్లు దాటుతుంది. పొలాలకూ ఊరికీ నీళ్లివ్వడానికి కట్టిన ఈ చెరువుకు ఒండ్రు పేరుకోవడం పాత జబ్బు. ఆ ఒండ్రు వల్లే తీరం వాలు తక్కువగా, లోతు తక్కువగా ఉంటుంది. మోకాలి లోతు నీళ్లలో తుంగ, నాచు, గుర్రపుడెక్క పెరుగుతాయి. పొంచి ఉండి వేటాడే చేపకు ఇంతకన్నా మంచి ఇల్లు దొరకదు.

అమెరికాలో వసంతం రాగానే గాలం పట్టే లక్షలమంది వెతికేది ఇలాంటి చోట్లనే. అక్కడ వాళ్లు వెతికే చేప బాస్. పెద్ద నోరు, మాటు వేసే గుణం, ఎర కదలగానే నీళ్లు బద్దలయ్యేలా మీద పడే దూకుడు దాని లక్షణాలు. ఆ చేప పిచ్చి ఎంత దూరం పోయిందో చెప్పడానికి రెండు తేదీలు చాలు. 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే పేదరైతు 10 కిలోలు దాటిన బాస్‌ను పట్టాడు. ఆ రికార్డును అందుకోవడానికి లోకానికి 77 ఏళ్లు పట్టింది. 2009 జూలై 2న జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురితా దాదాపు అంతే బరువున్న చేపను తీశాడు. రెండూ వేసవి చేపలే.

హిప్పర్గలో బాస్ లేదు. దాని పని ఇక్కడ చేసేది కొరమీను. తెలంగాణలో చాలాచోట్ల మట్ట అంటారు, మరాఠీవాళ్లు మరళ్ అంటారు. తెలంగాణ రాష్ట్ర చేప ఇదే. జాతి పరంగా బాస్‌కూ దీనికీ దగ్గర చుట్టరికమేమీ లేదు కానీ నడవడి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండూ గడ్డి అంచున కదలకుండా నిలబడతాయి. రెండూ కప్పను వదలవు. రెండూ తమ పిల్లలకు కాపలా కాస్తాయి, ఇది చేపల్లో అంత మామూలు విషయం కాదు. తేడా ఉన్నది రెండింటిలో: కాలాన్ని కొలిచే తీరులో, ఊపిరిలో.

బాస్ గాలం పట్టేవాడి వసంతం నీటి వేడితో మొదలవుతుంది. మంచు కరిగి నీళ్లు 16 డిగ్రీల దగ్గరికి వచ్చాయంటే మగ బాస్ తీరానికి వచ్చి తోకతో అడుగు ఊడ్చి పళ్లెంలాంటి గూడు చేస్తుంది. అందుకే అక్కడి వేటగాళ్లు పడవలో థర్మామీటరు పెట్టుకుంటారు. షోలాపూర్ చెరువులో నీళ్లు డిసెంబరులో కూడా అంతకన్నా వెచ్చగానే ఉంటాయి. కాబట్టి ఇక్కడ వసంతాన్ని కొలవాల్సింది వేడితో కాదు, మట్టంతో. ఫిబ్రవరిలో తుంగ మొదళ్లు బయటపడతాయి. మార్చిలో తీరం వెంట పగుళ్లు మొదలవుతాయి. ఏప్రిల్‌లో గుంటలు విడివిడిగా తేలతాయి.

వేడెక్కిన నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది. ఏప్రిల్ తెల్లవారుజామున గట్టు మీద నిలబడితే కట్ల, రోహు చేపలు నోళ్లు తెరుచుకొని పైన తేలుతూ కనిపిస్తాయి. అవి ఆ పూట గాలం వైపు చూడవు. కొరమీనుకు ఆ బాధ లేదు. మొప్పలకు తోడు తలలో గాలి పీల్చుకునే అర ఒకటి ఉంటుంది దానికి. కొన్ని నిమిషాలకోసారి పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగి పోతుంది. అంతేకాదు, అలా రానివ్వకుండా నీళ్లలోనే ఆపితే చచ్చిపోతుంది కూడా. బురదలో ఒళ్లు దాచుకొని నీళ్లు లేని రోజులు గడపగలదు, తడి నేల మీద ఒక గుంట నుంచి మరో గుంటకు పాక్కుంటూ పోగలదు. మిగతా చేపలు సోలిపోయే మే నెల ఎండలో వేటాడే ఓపిక దానికే ఉంటుంది.

ఆ గాలి గుక్కే దాన్ని పట్టిస్తుంది. నాచు మధ్య నీళ్లు ఒక్కసారి గుబుక్కుమంటాయి, చిన్న వలయం లేస్తుంది, రెండు మూడు బుడగలు మిగులుతాయి. అనుభవం ఉన్న పెద్దవాళ్లు కొత్తవాళ్లకు మొదట నేర్పేది గాలం విసరడం కాదు, ఆ చప్పుడు వినడం. “మట్ట ఊపిరి తీస్కునే జాగ చూడు తమ్మీ, ఆడనే ఎయ్యి” అన్న ధోరణిలో సాగుతుంది ఆ పాఠం. వేసేది వానపాము గుచ్చి బెండు కట్టిన గాలం కాదు. ఆ గాలానికి చిలాపి, జెల్ల, ముళ్లపాములాంటి వామ్ పడతాయి. కొరమీనుకు కప్ప కావాలి. వెనకటికి బతికున్న కప్పనే గుచ్చేవాళ్లు. ఇప్పుడు బోలుగా ఉండే రబ్బరు కప్పలు వచ్చాయి. కొక్కేలు కప్ప వీపుకు ఒదిగి పైకి చూస్తుంటాయి కాబట్టి గుర్రపుడెక్క ఆకుల మీదుగా లాగినా చిక్కుకోవు. ఆకు మీదికి ఎక్కించి, ఆపి, నీళ్లలోకి జారవిడిచి, మళ్లీ ఆపాలి. చేప విరుచుకుపడగానే దారం లాగితే రబ్బరు ముక్క మాత్రమే చేతికొస్తుంది. దాని నోరు ఎముక గట్టిది, కొక్కెం తొందరగా దిగదు. ఎరను నోట కరుచుకొని కిందికి తిరిగే దాకా ఆగి, అప్పుడు గట్టిగా లాగాలి. ఆ ఒక్క క్షణం ఓర్పు మొదటి వేసవిలో ఎవరికీ రాదు.

నేత తెలిసిన చేతికి ఈ పనిలో ఒక వాటం ముందే ఉంటుంది. తెగిన పడుగు పోగును అతికేటప్పుడు వేసే నేత ముడి, చేపల వలలో ప్రతి కన్ను దగ్గరా పడే ముడి, ఆకారంలో ఒకటే. ప్రపంచంలో చాలా తీరాల్లో వల అల్లేవాడు ఆ ముడే వేస్తాడు. మగ్గం ముందు అలవోకగా రెండు వేళ్లతో పడే ఆ ముడి హిప్పర్గ గట్టు మీద చిరిగిన వల బాగుచేయడానికి పనికొస్తుంది. నైలాన్ తీగకు మాత్రం అది నిలవదు, జారిపోతుంది. దానికి వేరే ముడి నేర్చుకోవాలి.

ఎండాకాలపు గట్టు మీద చేప పడని రోజు కూడా దండగ కాదు. నీళ్లు తగ్గిన చోట ఎండిన బురదలో వరసగా పళ్లేలంత గుంటలు కనిపిస్తాయి. చూసినవాళ్లు వాటిని ఏ పశువు అడుగులో అనుకుంటారు. అవి చిలాపి గూళ్లు. మగచేప ఆ గుంట తవ్వుతుంది; ఆడచేప గుడ్లు పెట్టి, వాటిని నోట్లోకి తీసుకొని పిల్లలయ్యే దాకా మోస్తుంది. 1952లో మన దేశానికి తెచ్చిన ఆఫ్రికా చేప ఇది. ఇప్పుడు ఉజని వలల్లో దాని రాశులే రాశులు. దాని పిల్లలను తినే చేపల్లో కొరమీను ముఖ్యమైంది కాబట్టి, ఆ గూళ్ల వరస ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి లోతుకు దిగే గట్టు అంచున కొరమీను కాచుకొని ఉంటుందని లెక్క.

బాస్ వేటగాళ్లలో నిపుణులు నీళ్లు అడుగంటిన కాలంలో చెరువును నడిచి చూసి వస్తారు. రాళ్లగుట్ట ఎక్కడ, పాత బావి ఎక్కడ, మునిగిన తుమ్మచెట్టు ఎక్కడ అని రాసుకుంటారు. నీళ్లు నిండాక ఆ పటమే పెట్టుబడి. ఉజని ఎగువన ఈ అవకాశం ఇంకా పెద్దది. మట్టం బాగా పడిపోయిన ఏడాది పలస్‌దేవ్ దగ్గర జలాశయంలో మునిగిన పలస్‌నాథ్ గుడి బయటపడుతుంది. జనం చూడటానికి బారులు తీరతారు. గుడి పక్కన పాత ఊరి గోడల మొదళ్లు, బాటలు తేలతాయి. యాత్రకు వచ్చినవాళ్లు శిల్పాలు చూస్తారు. గాలం మనిషి చూడవలసింది ఆ గోడలకూ వాగుకూ మధ్య దూరం.

జూన్ మొదటివారం వచ్చేసరికి సంగతి మారుతుంది. 7వ తేదీ అటూ ఇటూగా మృగశిర కార్తె ప్రవేశిస్తుంది. మరాఠీ రైతు మృగ నక్షత్రం అని విత్తనం వైపు చూస్తాడు, తెలంగాణ మూలాలున్న ఇల్లు చేప వైపు చూస్తుంది. ఆ రోజు చేప తినాలన్నది ఆచారం. హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం ఆస్తమా రోగులకు ఇచ్చే చేప ప్రసాదం కూడా ఆ కార్తెకే, ఆ మందు పెట్టేదీ బతికున్న చిన్న కొరమీను పిల్ల నోట్లోనే. మందు సంగతి వైద్యులు ఒప్పుకోరు, కానీ ఆ రోజు కొరమీనుకు ఉండే గిరాకీని ఎవరూ కాదనలేరు. చింతపండు పులుసులో ఉడికినా విడిపోని కండ, ముళ్లు తక్కువ, ఇంట్లో పిల్లలకూ ముసలివాళ్లకూ భయం లేకుండా పెట్టొచ్చు. జొన్నరొట్టెతో పులుసు తినడం తెలంగాణ నుంచి వచ్చినవాళ్లకు షోలాపూర్‌లో కొత్తగా నేర్చుకోవలసిన పనేమీ కాలేదు.

చిక్కల్లా ఎక్కడంటే, అదే వానలతో కొరమీను జతకడుతుంది. కొత్తనీరు చేరిన గడ్డిలో గూడు చేసుకొని గుడ్లు తేలుస్తుంది. కొద్ది రోజుల్లో నీళ్ల మీద ఎర్రటి పిల్లల గుంపు ఒకటి కుంకుమ చల్లినట్టు కదులుతుంటుంది. గాలి పీల్చడానికి పిల్లలు ఒక్కటొక్కటిగా పైకి వస్తుంటే కింద తల్లీతండ్రీ తిరుగుతుంటాయి. ఆ గుంపు మీదుగా కప్ప బొమ్మ లాగితే ఆకలి లేకపోయినా కొడతాయి, కోపంతో. ఇంత సులువైన వేట సంవత్సరం మొత్తంలో ఇంకొకటి లేదు. పెద్దవి రెండూ సంచిలోకి పోయాక పిల్లల గుంపు చిలాపికీ కొంగకూ మిగులుతుంది. ఇది గాలం నేర్పు కాదు. తెలిసి చేసేవాళ్లను గట్టు మీదే ఆపాల్సిన పని.

బాస్ విషయంలో బయటి దేశాలు ఈ చోటనే గట్టిగా నిలబడ్డాయి. గూటి కాపలా కాసే మగ బాస్‌ను తీసేస్తే పక్కనే పొంచి ఉన్న చిన్న చేపలు గుడ్లను తినేస్తాయని అక్కడి శాస్త్రవేత్తలు చెరువుల్లోనే చూసి చెప్పారు. అందుకే కెనడాలోని ఆంటేరియోలో చాలా సరస్సుల్లో జూన్ మధ్య దాటేదాకా బాస్ వేట మూసేస్తారు. టెక్సాస్‌లో డల్లాస్ చుట్టూ ఉన్న తెలుగువాళ్లకు కారులో వెళ్లగలిగే దూరంలో లేక్ ఫోర్క్ ఉంది. అక్కడ 16 అంగుళాలకూ 24 అంగుళాలకూ మధ్య పొడవున్న బాస్‌ను పట్టినా తిరిగి నీళ్లలో వదలాల్సిందే. గుడ్లు పెట్టే ఈడు చేపను కాపాడే ఏర్పాటు అది. అదే రాష్ట్రంలో 13 పౌన్లు దాటిన ఆడ బాస్‌ను వేటగాళ్ల దగ్గర అప్పుగా తీసుకొని, గుడ్లు పెట్టించి, మళ్లీ వదిలే పథకం 1986 నుంచి నడుస్తోంది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. కొరమీను దాయాది అయిన చైనా జాతి చేప 2002లో అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో క్రాఫ్టన్ చెరువులో కనబడితే, చెరువుకు మందు పోసి చంపారు. రెండేళ్లకు పొటోమాక్ నదిలో అదే జాతి మళ్లీ తేలింది. ఇవాళ బాస్ వేటగాళ్లే రబ్బరు కప్పలతో దాన్ని పడుతున్నారు. అటు బివా సరస్సులో పరాయి చేప అయిన బాస్‌ను పట్టాక తిరిగి వదలకూడదని షిగా రాష్ట్రం 2003 నుంచి నియమం పెట్టింది. ఎవరి నీళ్లలో వారికి కాపాడుకోవలసిన చేప ఒకటి, ఏరెయ్యాల్సిన చేప ఒకటి. హిప్పర్గలో, ఉజనిలో కాపాడుకోవలసింది కొరమీనే.

మహారాష్ట్రలో చెరువులను, జలాశయాలను మత్స్య సహకార సంఘాలకు చేపల కోసం కౌలుకు ఇస్తారు. గాలం వేసేవాళ్లు ఆ సంఘం మనుషులను అడిగి కూర్చోవడం మర్యాద. ఉజనిలో సన్నకన్ను వలలతో పిల్లచేపలు తోడేస్తున్నారన్న గొడవ ఏళ్లుగా ఉంది. పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా పడవలు సముద్రంలోకి పోకుండా ఆపుతున్నప్పుడు, ఎర్రపిల్లల గుంపు కనిపించిన గడ్డి అంచుల్లో ఆ రెండు నెలలూ గాలం, వల రెండూ వద్దనడం అసాధ్యమేమీ కాదు. మృగశిర చేప కావలసినవాళ్లు మే నెలాఖరుకే పట్టుకోవచ్చు, నీళ్లు తగ్గి చేప చిక్కే రోజులు ఎలాగూ అవే. వానల తరవాత పిల్లలు ఎరుపు రంగు పోగొట్టుకొని విడిపోతాయి, పెద్దవి కాపలా మానుతాయి. అప్పటికి హిప్పర్గలో కొత్తనీరు తేరుకొని ఉంటుంది. రబ్బరు కప్పను మళ్లీ బయటికి తీయవచ్చు.