ఆదోనిలో పది ఆదివారాలు

మా కళాశాల వార్షిక సంచికకు మేమిద్దరం కలిసి ఒక వ్యాసం వ్రాయవలసినదని సంపాదకవర్గం వారు కోరినప్పుడు మాకు మొదట కలిగినది సంకోచమే. ఆదోనిలో మేము నడిపిన విద్యాతత్త్వశాస్త్ర తరగతులను గురించి పాలకవర్గానికి ఇదివరకే నివేదిక సమర్పించి ఉన్నాము. అందులో హాజరు పట్టిక ఉన్నది, బస్సు చార్జీల లెక్క ఉన్నది, సుద్దముక్కల ఖర్చు సైతం ఉన్నది. అయితే ఆ నివేదికలో చోటు దొరకని సంగతులే మా మనస్సులలో ఎక్కువగా నిలిచిపోయాయి. ఆదివారం తెల్లవారగానే సంచులు తగిలించుకొని బస్‌స్టాండుకు పోతున్న మమ్మల్ని చూచి, సార్లిద్దరూ ఏదో వ్యాపారం మొదలుపెట్టినట్లున్నారని మీలో కొందరు అనుకొన్న మాట కూడ మా చెవిన పడకపోలేదు. ఆ సందేహ నివృత్తికైనా ఈ నాలుగు మాటలు పనికిరావచ్చును.

మాలో ఒకరు తత్త్వశాస్త్రం చదివినవారు, తెలుగులో బోధించేవారు. మరొకరు విద్యాశాస్త్రం చదివినవారు, ఉర్దూలో బోధించేవారు. పనిలో ఉన్న ఉపాధ్యాయుల కోసం విద్యాతత్త్వశాస్త్రంలో ఒక చిన్న కోర్సును తన ఆవరణకు వెలుపల నడపదలచిన ఒక విశ్వవిద్యాలయం, ఆదోని కేంద్రానికి బోధకులు కావాలని మా కళాశాలకు లేఖ వ్రాసింది. 2023 నవంబరు మొదలు పది ఆదివారాలు, పూటకు మూడు గంటలు. ఇరువదిమంది చేరితేనే తరగతి ఉంటుంది. ఇరువది ముగ్గురు చేరారు.

ఇటువంటి ఏర్పాటు మన దేశానికి కొత్తది కాదు. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఉత్తరాల ద్వారా పాఠాలు చెప్పడం ప్రారంభించింది. 1982లో హైదరాబాదులో వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయం, తరువాత అంబేద్కర్ పేరు పెట్టుకొన్నది, ఉద్యోగం మానుకోలేనివారికీ ఇల్లు విడువలేనివారికీ డిగ్రీని అందుబాటులోకి తెచ్చింది. కాబట్టి ఆవరణ దాటి చదువు చెప్పవచ్చునా అన్న ప్రశ్న ఎప్పుడో తీరిపోయింది. మా సందేహం వేరు. తత్త్వమనేది ఎదురుప్రశ్న వేసే మనిషి లేకుండా సాగదు. వారమంతా బడిలో గొంతు చించుకొని, మిగిలిన ఒక్క సెలవునాడు మా ముందుకు వచ్చి కూర్చొనే ఉపాధ్యాయునికి ఎదురుప్రశ్న వేసే ఓపిక ఉంటుందా?

మొదటి ఆదివారం మా సందేహమే నిజమయ్యేటట్లు కనిపించింది. కర్నూలు నుండి ఎమ్మిగనూరు మీదుగా ఆదోనికి సుమారు వంద కిలోమీటర్లు. పత్తి ట్రాక్టర్ల వెనుక నిదానంగా నడిచిన బస్సు దిగి, మాకు కేటాయించిన ఉన్నత పాఠశాలకు చేరేసరికి అందరూ ఆరవ తరగతి గదిలో, ఆరవ తరగతి బెంచీల మీద మోకాళ్ళు ముడుచుకొని కూర్చొని ఉన్నారు. మేము భావవాదం, ప్రకృతివాదం, వ్యవహారసత్తావాదం అని మూడు శీర్షికలు నల్లబల్ల మీద వ్రాసి, ఒక్కొక్క దానికి ఐదేసి లక్షణాలు చెప్పాము. ఉర్దూ పాఠశాలల నుండి వచ్చిన ఏడుగురి కోసం తసవ్వురియత్, ఫిత్రతియత్ అని పక్కనే అనువాదాలు. అందరూ శ్రద్ధగా వ్రాసుకొన్నారు. ఎవ్వరూ ఏమీ అడుగలేదు. చివరలో వెనుక బెంచీ నుండి ఒక పెద్దాయన లేచి, "సార్, ఏమనుకోవద్దు. ఇది ఇంక్రిమెంటుకు పనికొస్తుందా?" అన్నారు. రాదని చెప్పాము. ఆయన కూర్చొన్నారు. ఆ జవాబు తరువాత కూడ రెండవ ఆదివారం ఇరువది ముగ్గురూ రావడం మాకు ఆశ్చర్యమే కలిగించింది.

తిరుగు ప్రయాణంలో మేము ఒకరిపై ఒకరం విసుక్కొన్నాము. తప్పు ఇద్దరిదీనని ఎమ్మిగనూరు చేరేసరికి ఒప్పుకొన్నాము. లక్షణాలు బట్టీ పట్టించడం బోధన కాదని చెప్పే గ్రంథాలనే మేము బట్టీ పట్టిస్తూ ఉంటిమి.

మూడవ ఆదివారం శీర్షికలు మాని, ప్లేటో 'మెనో' సంభాషణలోని ఘట్టంతో ప్రారంభించాము. సోక్రటీసు ఒక బానిస బాలుని పిలిచి, రెండడుగుల భుజం గల చతురస్రాన్ని చూపి, దీనికి రెట్టింపు వైశాల్యం గలది గీయాలంటే భుజం ఎంత ఉండాలని అడుగుతాడు. బాలుడు నాలుగడుగులంటాడు. గీచి చూస్తే అది రెట్టింపు కాదు, నాలుగింతలు. మూడడుగులంటాడు. అదీ తప్పే. చివరకు కర్ణం మీద నిలిపిన చతురస్రమే రెట్టింపు అని తెలుసుకొంటాడు. జ్ఞానం బయటనుండి పోసేది కాదు, లోపల ఉన్నదే గుర్తుకు వచ్చేది అని సోక్రటీసు వాదం.

మేము ముగించగానే, అంతవరకు పెదవి విప్పని ఒక ఉర్దూ పాఠశాల ఉపాధ్యాయిని లేచారు. "సార్, ఆ అబ్బాయి ఎన్నిసార్లు అవునన్నాడు? మా పిల్లలు కూడా అట్లాగే అవును టీచర్ అంటారు. నేను ఏ జవాబు కోరుతున్నానో నా మొహం చూసి కనుక్కుంటారు. అది గుర్తుకు రావడం ఎట్లా అవుతుంది?" అన్నారు. పెద్ద పెద్ద పండితులు 'మెనో' మీద లేవనెత్తిన ఆక్షేపణ అదే. ఆమె ఆ పండితులెవరినీ చదువలేదు. పద్దెనిమిది సంవత్సరాలు నాలుగవ తరగతికి లెక్కలు చెప్పారు, అంతే.

ఆమె అంతటితో ఊరుకోలేదు. మరుసటి ఆదివారం ఒక కాగితం తెచ్చారు. తమ తరగతిలో పిల్లలకు చతురస్రపు కాగితాలు ఇచ్చి, రెట్టింపు ఎట్లా చేస్తారని మాత్రం అడిగి, తాను గోడవైపు తిరిగి నిలబడ్డారట, మొహం కనిపించకుండా. చాలమంది నాలుగింతల బొమ్మే గీచారు. ఒక బాలిక మాత్రం కాగితపు నాలుగు మూలలను మధ్యకు మడిచి, "టీచర్, ఇది సగమైంది. విప్పితే రెట్టింపు" అన్నదట. ఆ మడిచిన కాగితాన్ని మేము చేతులు మార్చుకొంటూ చూచాము. సోక్రటీసు గీత గీయించి చూపినదాన్ని ఆ పిల్ల మడిచి చూపింది. గోడవైపు తిరిగి నిలబడాలన్న ఉపాయం ఏ బోధనాపద్ధతుల పుస్తకంలోనూ మాకు కనబడలేదు.

అప్పటి నుండి తరగతి మా చేతిలో నుండి వారి చేతిలోకి పోయింది. వ్యవహారసత్తావాదం చెప్పవలసిన రోజున డ్యూయీ 1916లో ప్రచురించిన గ్రంథంతో మొదలుపెట్టి, 1937 వార్ధా మహాసభ వద్దకు వచ్చాము. గాంధీజీ కోరిన మౌలికవిద్యకు రూపురేఖలు దిద్దిన సంఘానికి అధ్యక్షులు డాక్టర్ జాకిర్ హుసేన్. హైదరాబాదులో 1897లో జన్మించి, ప్లేటో 'రిపబ్లిక్'ను ఉర్దూలోకి తెచ్చి, తరువాత రాష్ట్రపతి అయినవారు. చేతిపని కేంద్రంగా చదువు సాగాలన్నది ఆ ప్రణాళిక. మేము ఎంతో ఉత్సాహంగా చెప్పుకొనిపోతూ ఉండగా కోసిగి వైపు నుండి వచ్చిన ఒక యువ ఉపాధ్యాయుడు అడ్డు తగిలారు. "మా పిల్లలకు పని నేర్పే అవసరం లేదు సార్. పత్తి తీసేదానికి పొద్దున్నే పోతారు. సంక్రాంతి దాటితే అమ్మానాన్నలతో సుగ్గికి గుంటూరు దిక్కు మిరపకాయలకు పోతారు. పనిలోనే చదువుంటే మా ఊరి పిల్లలంతా పండితులు కావాల!"

తరగతి నవ్వింది. తరువాత ఎవ్వరూ నవ్వలేదు. ఆ సంవత్సరం వానలు చాలక ఆ ప్రాంతంలో వలస త్వరగా మొదలైంది. ఆయన తరగతిలో ముప్పై నాలుగు పేర్లు ఉంటే, ఆ వారం హాజరైనవారు పదకొండుగురు. ప్రతి పనీ విద్య కాదని, పనికి ముందు ఆలోచన, పని తరువాత దాని మంచిచెడ్డల విచారణ ఉన్నప్పుడే అది విద్య అవుతుందని జాకిర్ హుసేన్ అభిప్రాయం. ఆర్థిక ఫలితం కోసం విద్యాఫలితాన్ని బలిపెట్టే ప్రమాదం ఉన్నదని ఆ సంఘం తన నివేదికలోనే హెచ్చరించింది. ఇదంతా మేము చెప్పాము. ఆ యువకుడు విని, "అది తెలిసింది సార్. పదకొండుమందికి రేపు ఏమి చెప్పాల?" అన్నారు. ఆ ప్రశ్నకు మా వద్ద జవాబు లేదు. లేదని ఒప్పుకొన్నాము. అధ్యాపకులు అట్లా ఒప్పుకోవడం మంచిదేనా అని మాలో ఒకరికి ఇప్పటికీ శంకయే.

ఇక ఇంక్రిమెంటు సంగతి అడిగిన పెద్దాయన. ఏడవ ఆదివారం ఇబ్న్ ఖల్దూన్ 1377లో రచించిన 'ముఖద్దిమా'లోని ఒక ప్రకరణం పాఠం. విద్యార్థుల పట్ల కాఠిన్యం వారిని చెరుపుతుందని, దండనకు భయపడి పెరిగిన బాలుడు అబద్ధానికీ సోమరితనానికీ అలవాటుపడతాడని ఆయన సిద్ధాంతం. పాఠం కాగానే, దండన - క్రమశిక్షణ అన్న విషయం మీద అభ్యాసపత్రం వ్రాసి తెమ్మన్నాము. తాత్త్వికుల దృక్పథాలను పోల్చి వ్రాయవలెనని విశ్వవిద్యాలయం నిర్దేశం. దానికి ముప్పై మార్కులు.

పెద్దాయన నాలుగు పుటలు వ్రాసి తెచ్చారు. అందులో తాత్త్వికులెవ్వరూ లేరు. ఒక బాలుడు ఉన్నాడు. చాల సంవత్సరాల క్రిందట సుగ్గి నుండి రెండు నెలల తరువాత తిరిగివచ్చిన ఆ బాలుని, ఎందుకు రాలేదని అందరి ఎదుట బెత్తంతో కొట్టారు. వాడు ఏడువలేదు. పలక అక్కడే వదలి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. 2009 విద్యాహక్కు చట్టం పదిహేడవ నిబంధన దండనను నిషేధించినప్పుడు తాను బెత్తాన్ని బీరువాలో పెట్టానని, నోటిని మాత్రం ఏ బీరువాలోనూ పెట్టలేదని వ్రాశారు. ఇప్పుడు ఆ బాలుడు మార్కెట్‌యార్డులో పత్తి బోరెలు మోస్తాడు. కనబడితే నమస్కారం చేస్తాడు. ఆ నమస్కారం తనకు భరింపరానిదని చివరి వాక్యం.

ఆ పత్రానికి ఎన్ని మార్కులు వేయాలి? ఆదోని నుండి కర్నూలు వరకు మేము ఆ సాయంకాలం వాదులాడుకొన్నాము. మాలో ఒకరి వాదం: అడిగినది ఒకటి, వ్రాసినది మరొకటి. సానుభూతికి మార్కులు వేస్తే, కష్టపడి గ్రంథాలు చదివి వ్రాసిన ఇరువది ఇద్దరికీ అన్యాయం చేసినవారమవుతాము. రెండవవారి వాదం: ఆ ఇరువది రెండు పత్రాలూ మేము చెప్పినదే మాకు తిరిగి చెప్పాయి. ఇబ్న్ ఖల్దూన్ మాటను నిజంగా చదివినది ఈయన ఒక్కరే. ఎమ్మిగనూరులో టీ త్రాగుతున్నప్పుడు ఒక మధ్యేమార్గం తోచింది. పత్రాన్ని తిరిగి ఇచ్చి, మీ అనుభవానికి ఏ తాత్త్వికుని మాట దగ్గరగా ఉన్నదో ఒక పుట చేర్చండి అని అడుగుదాము. సులువైన ఉపాయం!

ఆయన పత్రాన్ని తీసుకోలేదు. "మార్కులు మీ ఇష్టం సార్. ఇందులోకి ఇంకొకరిని తేను," అన్నారు, మర్యాదగానే. మేము పదిహేను వేశాము, సరిగ్గా సగం. దానితో మాలో ఏ ఒక్కరికీ తృప్తి లేదు. ఆయన కోర్సులో ఉత్తీర్ణులైనారు. కాని ఆ సగం ఎక్కడి నుండి వచ్చిందో ఇప్పుడు మమ్మల్ని ఎవరైనా అడిగితే చెప్పలేము.

ఇరువది ముగ్గురిలో పందొమ్మిదిమంది చివరి పరీక్ష వ్రాశారు. పదిహేడుగురు గట్టెక్కారు. పరీక్షలో మళ్ళీ లక్షణాలే అడిగారు. మరుసటి సంవత్సరం పద్నాలుగు దరఖాస్తులే వచ్చినందున విశ్వవిద్యాలయం కేంద్రాన్ని నిలిపివేసింది. ఆ పద్నాలుగుమందిలో ఐదుగురు, పాతవారు చెప్పగా విని దరఖాస్తు పెట్టినవారు. వారు తరగతి ఎప్పుడు మొదలవుతుందని మాకు ఫోన్ చేస్తూ ఉన్నారు. సర్టిఫికెట్ ఇవ్వలేకపోయినా, నెలకొక ఆదివారం మన కళాశాల పక్షాన అక్కడికి పోవడానికి పాలకవర్గం వారు అనుమతి ఇస్తే చాలునని మా విన్నపం. నెలకు ఇద్దరి బస్సు చార్జీ తప్ప వేరే వ్యయం లేదు. ఉర్దూలో పాఠ్యసామగ్రి లేని లోటును మేము చేతివ్రాత ప్రతులతో పూరించాము. వాటిని సరిచూచి టైపు చేయడానికి ఉర్దూ విభాగపు విద్యార్థులు ముందుకు వస్తే సంతోషం.

మరొక మాట గ్రంథాలయాధికారి గారితో. కోర్సు నిమిత్తం మేము తీసుకొనిపోయిన నలుబది పుస్తకాల పెట్టె ఇంకా ఆ పాఠశాలలోనే, ఆరవ తరగతి గది మూలన ఉన్నది. దాని తాళంచెవి కాగితం మడిపించిన ఆ ఉపాధ్యాయిని వద్ద ఉన్నది. పుస్తకాలు తిరిగి ఇవ్వవలసినదిగా మాకు రెండుసార్లు చీటీ వచ్చింది. పోయిన నెల ఆమెను అడిగితే, పదకొండు పుస్తకాలు బయట ఉన్నాయని, ఎవరెవరి వద్ద ఉన్నాయో వ్రాసిపెట్టానని చెప్పారు. జరిమానా మేము చెల్లించగలము. పెట్టెను మాత్రం ఇప్పుడే తెప్పించలేము.