మూడు చుక్కలూ, ఒక క్రమాలంకారమూ

మన కథల్లో మూడు చుక్కలు కనబడితే, రచయిత చెప్పకుండా వదిలేసిన మాట ఏదో ఉందని అర్థం. స్కీము భాషలో ఆ చుక్కలు దాచేదేమీ లేదు. ముందున్న నమూనా ఎన్నిసార్లయినా రావచ్చు, అసలు రాకపోనూవచ్చు అని వాటి భావం.

మాక్రో అంటే కోడును రాసిపెట్టే కోడు. తనకు ఎన్ని ఆర్గ్యుమెంట్లు అందుతాయో దానికి ముందుగా తెలియనక్కరలేదు. కామన్ లిస్పులో 'ఆంపర్సాండ్ రెస్ట్' అన్న గుర్తు మిగిలినవాటన్నిటినీ ఒక జాబితాగా మూటగడుతుంది. ఆ మూట విప్పి, లోపలివాటిని కొత్త కోడులో వరుసగా పరిచేవి కామా, దాని పక్కన యట్ గుర్తు. మధ్యలో ఏం చేయాలన్నా లిస్పు మొత్తం మన చేతిలోనే ఉంటుంది.

స్కీము దారి వేరు. 1998లో వెలువడిన 5వ సవరణ నివేదిక భాషలో భాగం చేసిన సింటాక్స్-రూల్స్‌లో, ఏ ఆకారం ఏ ఆకారంగా మారాలో రాస్తే చాలు. లెట్‌ను చూడండి (తెలుగు లిపిలోకి మార్చి రాస్తున్నాను):

(లెట్ ((పేరు విలువ) ...) పని1 పని2 ...)
⇒ ((లాంబ్డా (పేరు ...) పని1 పని2 ...) విలువ ...)

జంటలుగా వచ్చినవి రెండు వరుసలయ్యాయి. దీన్ని చూసినప్పుడల్లా నాకు క్రమాలంకారం గుర్తుకొస్తుంది. కవి ముందు వస్తువులన్నిటినీ చెప్పి, తరువాత వాటి గుణాలను అదే వరుసలో చెబుతాడు. జతపరచుకునేది పాఠకుడు. ఇక్కడ ఆ పని లాంబ్డాది.

ఇంతకీ 'పని1' విడిగా ఎందుకు? చుక్కలు శూన్యానికీ ఒప్పుకుంటాయి గనక. ఉత్త 'పని ...' అని రాస్తే, పనేమీ లేని లెట్ కూడా నమూనాకు సరిపోయి, దోషం లోపలి లాంబ్డా దగ్గర బయటపడుతుంది. వాడినవాడు లాంబ్డా అన్న మాటే రాయలేదు! అత్త మీది కోపం దుత్త మీద చూపినట్లు. 'పని1' ఉంటే ఆ తప్పు లెట్ గుమ్మంలోనే ఆగిపోతుంది.

చుక్కలకూ పరిమితులున్నాయి. వాటి తరువాత మరో నమూనా రావడానికి 5వ నివేదిక ఒప్పుకోలేదు. 2007 నాటి 6వ నివేదిక ఒప్పుకుంది. రెండు పేర్లను అతికి కొత్త పేరు పుట్టించడం సింటాక్స్-రూల్స్ వల్ల ఇప్పటికీ కాదు, లిస్పుకది చిటికెలో పని.

అయినా నా పక్షం చుక్కలదే. లిస్పు మాక్రోను అర్థం చేసుకోవాలంటే మనసులో నడిపి చూడాలి. స్కీము మాక్రోను చదివితే చాలు. లిస్పు అభిమానులు ఒప్పుకోరని తెలుసు. పై లెట్‌ను రెండు భాషల్లోనూ రాసుకుని, ఒక నెల తరువాత మళ్ళీ చదివి చూడమని మాత్రం వారికి నా మనవి.